చెల్లే నోటూ చెల్లని నోటూ

తెలుగులో "చెల్లు" అనే క్రియ గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. డబ్బుకీ, మాటకీ, మనిషికీ ఒకే క్రియ వాడతాం మనం. నోటు చెల్లుతుంది. పెద్దాయన మాట ఊళ్ళో చెల్లుతుంది. కోడలి మాట ఇంట్లో చెల్లదు. ఎవరికీ అక్కర్లేని మనిషిని చెల్లని కాసు అంటాం. మా అమ్మమ్మ "మన మాట చెల్లే చోటే నోరు విప్పాలమ్మా" అనేది. ఏది ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో కనిపెట్టి ఉండటమే ఆమె తరం ఆడవాళ్ళ చదువు. అన్నిచోట్లా చెల్లుబాటయ్యేవాళ్ళకి ఆ చదువుతో పనిలేదు. కుటుంబం గురించీ, భాష గురించీ, సాహిత్య చరిత్ర గురించీ స్త్రీవాదులు ఏనాటి నుంచో చెప్తున్న మాటే ఇది. నాకు మాత్రం అది నూరు రూపాయల నోటు రూపంలో, నేపాల్ సరిహద్దు బజార్లో, చేతికి తగిలేంత స్పష్టంగా అర్థమైంది.

2019 మొదట్లో నేను కాఠ్మాండూ వెళ్ళాను. అప్పటికి నా పరిశోధన సగంలో ఉంది. దక్షిణాసియా స్త్రీల నవలల మీద పని చేస్తూ పారిజాత దగ్గర ఆగిపోయాను. ఆమె అసలు పేరు బిష్ణు కుమారి వైబా. 1937లో మన డార్జిలింగ్‌లో పుట్టి, కాఠ్మాండూలో స్థిరపడి, 1993లో అక్కడే చనిపోయింది. ఆమె నవల "శిరీష్‌కో ఫూల్"కి మదన్ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం అందుకున్న మొదటి స్త్రీ ఆమె. దాని ఇంగ్లీషు అనువాదం "బ్లూ మిమోసా" మాత్రమే నా దగ్గరుంది. మూలమూ, దాని మీద నేపాలీలో వచ్చిన విమర్శా చూడాలంటే పాటన్‌లో ఉన్న మదన్ పురస్కార్ పుస్తకాలయకి వెళ్ళక తప్పదు.

విమానం ఖర్చు పరిశోధక విద్యార్థిని భరించేది కాదు. హైదరాబాద్ నుంచి రక్సౌల్‌కి నేరుగా రైలుంది. దాదాపు రెండు రోజుల ప్రయాణం. ఈ సంగతి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యే నాకు చెప్పింది. వాళ్ళది నేపాల్. భర్త గేటు దగ్గర ఉంటే ఆమె మూడిళ్ళలో పని చేస్తుంది. నేపాలీ, హిందీ, తెలుగు మూడూ మాట్లాడుతుంది. "అక్కా, ఐదొందల నోట్లు వద్దు. అన్నీ వందలే తీస్కపోండి. చినిగినవి, పెన్నుతో రాసినవి తీస్కోరు" అని జాగ్రత్తలు చెప్పింది. తను ఊరికి వెళ్ళేటప్పుడు ఏడాది జీతం మిగులు వందనోట్లుగా మార్చుకుని, లంగా అంచు మడతలో కుట్టుకుని తీసుకెళ్తుందట. రైల్లో రెండు రాత్రులూ నిద్రపోదట. ఆమె మాట ప్రకారం నేను కూడా వందల కట్టలు తీసుకుని బయల్దేరాను.

రక్సౌల్ బీహార్‌లో తూర్పు చంపారన్ జిల్లాలో ఉంది. ఊరి చివర చిన్న నది, దాని మీద వంతెన. వంతెన దాటితే బీర్‌గంజ్, నేపాల్. 1950 నాటి శాంతి, స్నేహ ఒప్పందం నుంచీ ఈ రెండు దేశాల మనుషులకి పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు. టాంగాలు, ఈ-రిక్షాలు, సైకిళ్ళు, నెత్తిన మూటలతో ఆడవాళ్ళు... ఎవరూ ఎవరినీ పెద్దగా ఆపరు. నా రిక్షా శంకరాచార్య ద్వారం కింద నుంచి వెళ్ళి బజార్లో ఆగింది. కాఠ్మాండూ వెళ్ళే సుమో నిండటానికి ఇంకా చాలాసేపు పడుతుందన్నారు. ఎదురుగా గాజులు, పూసల దండలు, సబ్బులు, బిస్కెట్లు అమ్మే చిన్న దుకాణం. లోపల నలభై దాటిన ఆవిడ. "బయట ఎండగా ఉంది దీదీ, లోపలికొచ్చి కూర్చోండి" అని స్టూలు జరిపింది. ఆమెది భోజ్‌పురి కలిసిన హిందీ, నాది హైదరాబాదీ హిందీ. మాటలు బాగానే నడిచాయి.

నేపాల్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళు వేసుకునే పూసల దండని "పోతే" అంటారు. ఎర్రటి పోతే ఒకటి తీసుకుని ధర అడిగాను. "ఐసీలో చెప్పనా, ఎన్‌సీలో చెప్పనా?" అంది. ఐసీ అంటే భారత రూపాయి, ఎన్‌సీ అంటే నేపాలీ రూపాయి. బజారులో అందరికీ ఇవే మాటలు. కాస్త నేపాలీగా చెప్పాలంటే "భారు". దండ ధర 250 నేపాలీ. నేను మన వందనోట్లు రెండిచ్చాను. ఆమె వాటిని వెలుతురుకి ఎత్తి చూసి, అంచులు తడిమి, 320లోంచి 250 తీసేసి 70 రూపాయల నేపాలీ నోట్లు నా చేతిలో పెట్టింది. కాగితం లేదు, క్యాలిక్యులేటర్ లేదు. పక్కనే బిస్కెట్ పొట్లాల మీద మన దేశపు ధర అచ్చయి ఉంది. పది రూపాయల పొట్లం అక్కడ పదహారు. పిల్లలొచ్చి అడిగితే క్షణంలో గుణించి చెప్తోంది. ఒకడు ఐసీ ఇచ్చి ఐసీ చిల్లర అడుగుతాడు. ఇంకొకడు సగం అదీ సగం ఇదీ ఇస్తాడు. బడికి వెళ్ళింది ఐదో తరగతి వరకేనట. ఒకటింబావు, ఒకటిన్నర ఎక్కాలు కంఠస్థం చేసిన మా తాతగారి తరం గుర్తొచ్చింది. ఈమెది ఒకటీ దశాంశం ఆరో ఎక్కం.

కూర్చున్నంతసేపూ నేను ఒక్కసారి కూడా లెక్క వెయ్యాల్సిన అవసరం రాలేదు. నా దగ్గరున్న నోటు అక్కడ చెల్లుతుంది. లెక్క పని ఆమెది. "మా నోటు మీ హైదరాబాద్‌లో తీసుకుంటారా దీదీ?" అని అడిగింది. "తీసుకోరు" అన్నాను. "తెలుసులే, రక్సౌల్ బజారు దాటితే మా నోటు కాగితమే" అని నవ్వింది.

అది నిజం. మన నోటు బీర్‌గంజ్‌లోనే కాదు, కాఠ్మాండూలో టీ కొట్టు దాకా, పోఖరాలో హోటలు దాకా వెళ్తుంది. నేపాలీ నోటు వంతెన దాటి రక్సౌల్‌లో కొన్ని దుకాణాల వరకూ, అదీ కాస్త తగ్గింపుతో, వచ్చి ఆగిపోతుంది. 1956లో నేపాల్ రాష్ట్ర బ్యాంకు ఏర్పడటానికి ముందు దక్షిణాన మైదానాల్లో, అంటే తరాయిలో, ఎక్కువగా మన రూపాయే వాడకంలో ఉండేది. తమ దేశంలో తమ డబ్బు చెల్లేట్టు చేసుకోవడానికే వాళ్ళకి ఏళ్ళు పట్టింది. మన నూరుకి వాళ్ళ 160 అన్న రేటు 1993 నుంచీ అలాగే స్థిరంగా ఉంది. మన రూపాయి డాలరుతో పడిపోతే వాళ్ళది కూడా దాంతోపాటే పడిపోతుంది. పడిపోవాలో వద్దో వాళ్ళనెవరూ అడగరు. మన దేశం నుంచి కొనే సరుకు ఎక్కువ, మనకి అమ్మేది తక్కువ కాబట్టి వాళ్ళకి భారత రూపాయలు ఎప్పుడూ చాలవు. నేపాల్ రాష్ట్ర బ్యాంకు డాలర్లు అమ్మి మన రూపాయలు కొంటుంది. ఆ డాలర్లలో పెద్ద భాగం గల్ఫ్‌లోనూ, మలేషియాలోనూ కూలి చేసే నేపాలీల కష్టార్జితం. కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల్లో ఇల్లిల్లూ ఎరిగిన కష్టమే అది.

ఈ లెక్కలన్నీ ఆర్థికశాస్త్రం పుస్తకాల్లో దొరుకుతాయి. దొరకనిది ఆ దుకాణంలో విన్నాను.

"ఐదొందల నోట్లు తీసుకోరెందుకు?" అని నేనడిగిన దానికి ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. గిరాకీ లేని సమయం చూసి, అరలో వెనక నుంచి పాత సింధూరం డబ్బా తీసింది. లోపల మడతపెట్టిన పాత ఐదొందల నోట్లు. మొత్తం ఏడు. 2016 నవంబర్ 8 రాత్రి మన ప్రభుత్వం రద్దు చేసిన నోట్లు.

ఆమె పుట్టిల్లు మోతీహారీ దగ్గర. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా తల్లి చేతిలో పెట్టిన డబ్బు, రాఖీకి అన్నలిచ్చిన డబ్బు, గిరాకీలో రోజూ కాస్త పక్కన పెట్టుకున్నది కలిపి, చిన్ననోట్లిచ్చి పెద్దనోట్లుగా మార్చుకుంది. పెద్దనోటయితే తక్కువ చోటు పడుతుంది. దాచడానికి సులువు. భర్తకి తెలియదు. రద్దు అన్నాక భర్త గల్లాపెట్టెలోని నోట్లన్నీ సంచీలో వేసుకుని రక్సౌల్ వెళ్ళి, బావమరిది ఖాతాలో వేయించుకొచ్చాడు. ఈ ఏడు నోట్లూ అందులో కలపాలంటే అవి ఉన్నాయని చెప్పాలి. అన్నకిచ్చి మార్పించుకోవాలన్నా చెప్పాలి. చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకి భయపడి ఆమె డబ్బునే వదులుకుంది. "డబ్బు పోయింది కానీ సంగతి బయటపడలేదు" అంది. నేను దూరం ఊరిదాన్ని కాబట్టే నాకు చెప్పిందేమో.

మా అమ్మ పోపులడబ్బా గుర్తొచ్చింది నాకు. ఆ నవంబర్‌లో మా ఇంట్లోనూ, మా వీధిలోనూ, ఎందరో ఆడవాళ్ళు మినప్పప్పు డబ్బాల్లోంచి, పట్టుచీర మడతల్లోంచి నోట్లు తీసి భర్తల ముందు పెట్టారు. "అమ్మో, మీ ఆవిడ దగ్గర నల్లధనం" అని ఎన్ని జోకులు! వాళ్ళకి డిసెంబర్ 30 వరకూ గడువైనా ఉంది, వరసలో నిలబడటానికి బ్యాంకైనా ఉంది. రహస్యం పోయినా డబ్బు మిగిలింది. వంతెనకి అటువైపు ఉన్న ఆడవాళ్ళకి ఆ గడువూ లేదు, ఆ బ్యాంకూ లేదు. అంతకు ఏడాది ముందే ఐదొందలు, వెయ్యి నోట్లు పరిమితికి లోబడి నేపాల్‌కి తీసుకెళ్ళొచ్చని అనుమతి వచ్చింది. అది నమ్మి దాచుకున్నవాళ్ళెందరో. నేపాల్ బ్యాంకుల్లో ఉన్న పాత నోట్ల సంగతే రెండు ప్రభుత్వాల మధ్య ఏళ్ళ తరబడి తేలలేదు. సింధూరం డబ్బాలో ఉన్న నోట్ల గురించి ఏ సమావేశంలో మాట్లాడతారు? ఆ దెబ్బ తర్వాత, 2018 డిసెంబర్‌లో నేపాల్ ప్రభుత్వం నూరుకి మించిన భారత నోట్లేవీ తమ దేశంలో వాడకూడదని నిర్ణయించింది. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. నేను చెప్తున్నది ఆ మర్నాటి నెలల మాట. పెద్దనోటు చెయ్యి కాల్చింది కాబట్టి వందనోటు మాత్రమే నమ్మదగ్గదయింది.

సరిహద్దుకి ఇటూ అటూ జనం తమ బంధాన్ని "రోటీ–బేటీ" అంటారు. మన కంచం పొత్తు, మంచం పొత్తు లాంటి మాట. వినడానికి ఆత్మీయంగానే ఉంటుంది. ఇచ్చిపుచ్చుకునేవాటి జాబితాలో రొట్టె పక్కన కూతురు ఉండటం మాత్రం నాకు మింగుడు పడలేదు. ఈ దుకాణం ఆవిడ అలా వచ్చిన బేటీయే. పెళ్ళయ్యాక భర్త ద్వారా నేపాల్ పౌరసత్వం తీసుకుంది. దాన్ని అక్కడ "అంగీకృత" పౌరసత్వం అంటారు. 2015 నాటి నేపాల్ రాజ్యాంగం ప్రకారం నేపాలీ పురుషుణ్ణి పెళ్ళాడిన విదేశీ స్త్రీ కోరుకుంటే ఇలా పౌరురాలవుతుంది. నేపాలీ స్త్రీని పెళ్ళాడిన విదేశీ పురుషుడికి అటువంటి ఏర్పాటు లేదు. ఆమె కూతురు రేపు రక్సౌల్ అబ్బాయిని చేసుకుని బీర్‌గంజ్‌లోనే కాపురం పెడతానంటే, అల్లుడు ఆ ఊరివాడు కాలేడు. అంటే ఆడది మగవాడి వెంట మారుతుంది, ఆడదాని వెంట మగవాడు మారడు. పైగా అలా మారినవాళ్ళకి దేశాధ్యక్ష, ప్రధాని పదవులు రావు. వాటికి వంశపారంపర్య పౌరసత్వమే కావాలి. మారకం రేటు ఇక్కడ కూడా ఒకవైపుకే నడుస్తోంది. దేశాలు రెండూ చిన్నాపెద్దా అయినా, ఈ ఒక్క విషయంలో వాటి మధ్య తేడా లేదు. ఏ ఇంటికి పంపితే ఆ ఇంటి ముద్ర వేసుకోవలసింది బేటీయే.

కాఠ్మాండూలో నా పని పుస్తకాల మధ్య నడిచింది. మదన్ పురస్కారానికి ఆ పేరు మదన్ శంషేర్ రాణాది. ఆయన పోయాక భార్య జగదంబా కుమారీ దేవి ఆయన జ్ఞాపకార్థం దాన్ని స్థాపించింది. భార్య సంకల్పం, భర్త పేరు. నా పర్సులో మిగిలిన ఊదారంగు కొత్త వందనోటు వెనక గుజరాత్‌లోని రాణీ కీ వావ్ బొమ్మ ఉంది. అది కూడా భర్త భీమదేవుడి జ్ఞాపకార్థం రాణి ఉదయమతి కట్టించిందని చెప్పే మెట్లబావి. నోటు మీద బావి ఉంది, "రాణి" అన్న మాట ఉంది, ఆమె పేరు లేదు.

ఆ నోటునే ఒక మధ్యాహ్నం అక్కడి కళాశాలలో పాఠం చెప్పే ఒక అధ్యాపకురాలూ నేనూ కలిసి చూశాం. మన నోటు మీద హిందీ, ఇంగ్లీషు కాక మరో పదిహేను భాషల్లో విలువ రాసి ఉంటుంది. ఆ పట్టీలో తొమ్మిదోది నేపాలీ, పద్నాలుగోది తెలుగు. డార్జిలింగ్, సిక్కిం వల్ల నేపాలీ మనకి కూడా రాజ్యాంగం గుర్తించిన భాషే. 1992లో ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. నాలుగు వరసల ఎడంతో రెండు భాషలూ ఆ కాగితం మీద ఉన్నాయి. "ఇక్కడ పక్కపక్కనే ఉన్నాం" అందావిడ. ఆ తర్వాత మెల్లగా, "మీ తెలుగులోకి మా రచయిత్రులు ఎవరు వచ్చారు?" అని అడిగింది.

ఆవిడ మహాశ్వేతాదేవిని, అమృతా ప్రీతమ్‌ని హిందీలో చదివింది. ఓల్గా "విముక్త" కథల్ని "ది లిబరేషన్ ఆఫ్ సీత" అన్న ఇంగ్లీషు పుస్తకంలో చదివింది. సీత వాళ్ళ జనకపురి పిల్ల అని నమ్మిక కాబట్టి వెతుక్కుని మరీ చదివానంది. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలతో సీత మాట్లాడటం గురించి ఆవిడకి చాలా ప్రశ్నలున్నాయి. ఆమె వేసిన ప్రశ్నలకి నేను తెలుగు సాహిత్యం నుంచి జవాబులు చెప్తూ వెళ్ళాను. ఆవిడ మాత్రం తన వైపు నుంచి ఏ పేరు చెప్పినా ముందుగా ఆ మనిషి ఎవరో, ఏ కాలమో, ఏ ఊరో వివరించాల్సి వచ్చింది. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. ఆవిడ ఓల్గాని చదివింది ఇంగ్లీషులో, నేను పారిజాతని చదివింది ఇంగ్లీషులో. వంతెన మీద నడిచి దాటగలిగినంత దగ్గరి దేశం, ఒకే నోటు మీద ఉన్న రెండు భాషలు. అయినా ఒకరినొకరు కొనుక్కోవాలంటే ముందు డాలర్లు కొనుక్కోవాల్సిందే! రెండు బ్యాంకుల మధ్య నడిచే లెక్కే రెండు సాహిత్యాల మధ్యా నడుస్తోంది.

"శిరీష్‌కో ఫూల్" కథ చెప్పేది సుయోగ్‌బీర్ అనే పాత సైనికుడు. రెండో ప్రపంచ యుద్ధంలో పరాయి సైన్యం తరఫున బర్మాలో పోరాడి తిరిగొచ్చినవాడు. విదేశీ కొలువుకి వెళ్ళేవాళ్ళని నేపాలీలో "లాహురే" అంటారు. ఒకప్పుడు లాహోర్ వెళ్ళి సైన్యంలో చేరేవాళ్ళ నుంచి వచ్చిన మాట. పరాయి జీతంతో పాటు అతను ఏమేం మోసుకొచ్చాడో, బర్మాలో ఆడవాళ్ళ మీద తాను చేసిన హింస జ్ఞాపకాలు అతన్ని ఎలా వెంటాడతాయో, శకంబరి అనే అమ్మాయి ముందు అతని మగతనం ఎలా చెల్లకుండా పోతుందో పారిజాత రాసింది. ఇంగ్లీషులో చదివినప్పుడు నాకు శకంబరి మౌనం మాత్రమే వినిపించింది. నేపాలీ పుటలు ముందేసుకుని, ఆ అధ్యాపకురాలి సాయంతో ఒక్కో వాక్యం విప్పుకుంటూ వెళ్తే ఆమె వ్యంగ్యం వినిపించడం మొదలైంది. నేపాలీలో ఎదుటి మనిషిని పిలవడానికి తఁ, తిమీ, తపాయీఁ అని మెట్లున్నాయి. మన నువ్వు, మీరుల్లాగే. ఎవరు ఎవర్ని ఏ మెట్టు మీద నిలబెడుతున్నారో ఇంగ్లీషులోని ఒకే ఒక్క "యూ"లో కనపడదు. తెలుగులో కనపడుతుంది. పారిజాత నేరుగా తెలుగులోకి వస్తే మిగిలేది, ఇంగ్లీషు చుట్టు తిరిగొస్తే కమీషన్ కింద పోయేది అదే.

మనం స్త్రీవాద సాహిత్యంలో "సోదరీత్వం" అన్న మాట చాలా ధారాళంగా వాడుతుంటాం. అది ఏ నోట్లలో నడుస్తోందో కూడా అడగాల్సి ఉంది. తెలుగు రచయిత్రులుగా మనకి ఢిల్లీ ముందు, ఇంగ్లీషు ముందు చిన్న నోటు వాళ్ళమన్న బాధ ఉంది. మన పుస్తకాలు వాళ్ళ దాకా చేరవనీ, వాళ్ళవి మాత్రం మనం చదివి తీరాలనీ ఎన్నో సదస్సుల్లో చెప్పుకున్నాం. ఆ బాధ న్యాయమైనదే. బీర్‌గంజ్ బజార్లో మాత్రం పెద్ద నోటు మన చేతిలోనే ఉంది. ఒకచోట చెల్లని మనిషే మరోచోట చెల్లుతుంది. చెల్లే చోట లెక్క భారం ఎవరి మీద పడుతోందో చూడటానికి, చెల్లని చోట మనం నేర్చుకున్నదే పనికి రావాలి. మా వాచ్‌మన్ భార్య మూడు భాషలు నేర్చింది. దుకాణం ఆవిడ రెండు డబ్బుల ఎక్కం నేర్చింది. కాఠ్మాండూ అధ్యాపకురాలు ఓల్గా సీతని వెతుక్కుని చదివింది. వీళ్ళెవరికీ మన వైపు నుంచి ఇంకా ఏమీ ముట్టలేదు.

నేపాలీ లిపి దేవనాగరే. హిందీ చదవగలిగిన తెలుగువాళ్ళకి అక్షరాలు నేర్చుకునే పని కూడా లేదు. నిఘంటువు, ఓపిక, సందేహాలు తీర్చే ఒక స్నేహితురాలు ఉంటే చాలు. పిహెచ్‌డి అయ్యాక, ఏ విశ్వవిద్యాలయమూ అడగని ఈ పని నేను మొదలుపెట్టాను. పారిజాత కథ ఒకటి నేపాలీ నుంచి నేరుగా తెలుగు చెయ్యడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ప్రతి "తిమీ" దగ్గరా ఆగి, ఇది నువ్వా, మీరా, ఏమేనా అని తర్జనభర్జన పడుతున్నాను. ఇప్పుడు రెండో కథలో ఉన్నాను. ఈసారి లెక్క వేస్తున్నది నేను.